ఇల్లు మారుతున్నారా? ముందే రిటైరవ్వాలనుకుంటున్నారా? ఇంటి ఖర్చును దారిలో పెట్టుకోవడం ఎలా

ఇల్లు మారబోతున్నారు. ఇంకోపక్క, అందరికన్నా కొన్నేళ్లు ముందే ఉద్యోగం మానేయాలన్న ఆలోచన కూడా ఉంది. ఈ రెండూ ఒకేసారి నెత్తిమీదికొస్తే చాలామంది ఒకటే పని చేస్తారు. బండికి ఎంత, అడ్వాన్సు ఎంత, కొత్త సామానుకు ఎంత అని లెక్కలు వేసుకుంటూ, రిటైర్మెంట్ సంగతి మాత్రం ‘అన్నీ సర్దుకున్నాక చూద్దాంలే’ అని పక్కన పెట్టేస్తారు. నిజానికి రిటైర్మెంట్ ఎప్పుడన్నది చాలావరకు తేలిపోయేది ఆ సర్దుకునే రోజుల్లోనే. అందుకే ఈ రెండింటినీ కలిపి ఆలోచించమంటున్నాను.

ముందు ఈ లెక్క చూడండి

మీకు నెలకు 100 వస్తోందనుకుందాం. అందులో 70 ఖర్చవుతుంది, 30 మిగులుతుంది. చేతిలో ఏమీ లేకుండా ఈరోజే మొదలుపెట్టి, మిగిలినదంతా మదుపు చేస్తూ పోతున్నారు. ద్రవ్యోల్బణం, అంటే ధరల పెరుగుదల, పోగా ఏటా 5 శాతం రాబడి వస్తుందనుకుందాం. ఏడాది ఖర్చుకు 25 రెట్లు చేతిలో ఉంటే ఉద్యోగం మానేయవచ్చన్నది లక్ష్యం. (ఈ 25 రెట్లు ఎక్కణ్ణుంచి వచ్చిందో కింద చెబుతాను.) అలాగైతే మీకు దాదాపు 28 ఏళ్లు పడుతుంది.

ఇప్పుడు కొత్త ఇంటికి మారారు. అద్దె, కరెంటు, రాకపోకలు అన్నీ కలిపి నెల ఖర్చు 70 నుంచి 76కి పెరిగింది. పెద్ద తేడాలా అనిపించదు. కానీ ఆ 28 ఏళ్లు ఇప్పుడు దాదాపు 33 అవుతాయి. అదే, మారిన ఇంట్లో ఖర్చు 64కి తగ్గితే 24 ఏళ్లకే పని పూర్తవుతుంది. ఆరు అటో ఇటో అయినందుకు తొమ్మిదేళ్ల తేడా.

ఎందుకంటే నెల ఖర్చు రెండు వైపుల నుంచీ దెబ్బ కొడుతుంది. పెరిగిన ప్రతి ఒక్కటీ పొదుపులోంచి పోతుంది, మీరు కూడబెట్టాల్సిన మొత్తాన్నీ పెంచుతుంది. నెలకు 1 పెరిగితే ఏడాదికి 12. దానికి 25 రెట్లంటే 300. నెలనెలా పోయే ఏ ఖర్చునైనా 300తో హెచ్చవేసి చూడటం అలవాటు చేసుకోండి. దాని అసలు ధర అది.

మరి ఇల్లు మారడానికయ్యే ఖర్చు? రెండు నెలల జీతం మొత్తం, అంటే 200, దానికే పోయిందనుకుందాం. గుండె గుభేలుమంటుంది. కానీ నెలకు 30 మిగిల్చే మీరు ఏడు నెలల్లో దాన్ని పూడ్చేస్తారు. రిటైర్మెంట్ కూడా అంతకు మించి వెనక్కి పోదు. కాబట్టి బండివాళ్లతో బేరమాడటానికి పెట్టే ఓపికలో సగమైనా కొత్త ఇంటి నెల ఖర్చు మీద పెట్టండి.

మూడు పద్దులు విడదీయండి

ఇల్లు మారే నెలల్లో లెక్క తప్పడానికి అసలు కారణం అన్నీ ఒకే ఖాతాలోంచి పోవడమే. స్టేట్‌మెంట్ చూస్తే మామూలు సరుకులు, అట్టపెట్టెలు, ప్లంబరు, ఇన్సూరెన్స్ ప్రీమియం అన్నీ కలగాపులగంగా ఉంటాయి. ఆ నెల ఎక్కువైందని తెలుస్తుంది కానీ, ఎక్కడ ఎక్కువైందో తెలియదు. తెలియనప్పుడు ‘ఇల్లు మారాం కదా’ అని సర్దిచెప్పుకుంటాం. ఆ మాట ఆరు నెలలు నడుస్తుంది.

అందుకని ఇల్లు వెతకడం మొదలుపెట్టిన రోజే మూడు పద్దులు పెట్టండి. ఒకటి రోజువారీ బతుకుది. రెండోది ఇల్లు మారడానికి. మూడోది రిటైర్మెంట్‌ది. వీలైతే మూడింటికీ వేరువేరు బ్యాంకు ఖాతాలే ఉంటే మంచిది, లేకపోతే నోటుబుక్కులో మూడు పేజీలు చాలు. జీతం పడగానే మొదట మూడో పద్దుకు వెళ్లాల్సింది వెళ్లిపోవాలి. ఇల్లు మారుతున్నామని దాన్ని ఆపకండి. మరీ ఇబ్బందైతే తగ్గించండి, అంతేగానీ పూర్తిగా ఆపొద్దు. ఒకసారి ఆగిన నెలవారీ మదుపు మళ్లీ మొదలవడానికి ఎంత కాలం పడుతుందో ఆపి చూసినవాళ్లకు తెలుసు.

మొదటి పద్దుకు అంకె కావాలి కాబట్టి పాత ఇంటి చివరి మూడు నెలల స్టేట్‌మెంట్లు తీసుకోండి. ప్రతి ఖర్చు పక్కనా ఒక గుర్తు పెట్టండి: ఇది ఈ ఇంటివల్ల అవుతున్నదా, మనవల్ల అవుతున్నదా? అద్దె, మెయింటెనెన్స్, ఆఫీసుకు పెట్రోలు, పార్కింగు ఇవన్నీ ఇంటివల్ల. ఫోను, మందులు, బట్టలు, సినిమాలు మనవల్ల. ఇల్లు మారితే మొదటి రకం మాత్రమే మారాలి. రెండో రకమూ పెరిగిందంటే మీకు తెలియకుండా ఇంకేదో మారింది.

ఇల్లు చూసేటప్పుడు అద్దె ఒక్కటే అడగొద్దు

ప్రతి ఇంటికీ ఒకే అంకె రాసుకోండి: ఆ ఇంట్లో ఉంటే నెలకు మొత్తం ఎంత? అద్దె లేదా లోను వాయిదా, మెయింటెనెన్స్, నీళ్లు, కరెంటు, ఇంటర్నెట్, ఇంటి పన్ను, ఆఫీసుకూ బడికీ వెళ్లిరావడానికయ్యే ఖర్చు, అన్నీ అందులోకే వస్తాయి. పై అంతస్తులో ఎండ నేరుగా పడే గది ఉంటే కరెంటు బిల్లు వేరేగా ఉంటుంది. వీలైతే అంతకు ముందు ఉన్నవాళ్ల పాత బిల్లులు చూపించమని అడగండి. అడగడంలో తప్పులేదు. అద్దె తక్కువని ఊరి చివరికి వెళ్లి, మిగిలినదంతా ప్రయాణానికే పోసేవాళ్లు తక్కువేం కాదు.

కొంటున్నట్లయితే ఒక సంగతి గుర్తుంచుకోండి. అద్దె మీరున్నంతకాలం ఉంటుంది కాబట్టి దాన్ని 300తో హెచ్చవేయాలి. లోను వాయిదా ఒకనాటికి తీరిపోతుంది, దాన్ని హెచ్చవేయకూడదు. దాని బదులు రిటైరయ్యేనాటికి ఇంకా ఎంత అసలు మిగిలుంటుందో చూసి, ఆ మొత్తాన్ని లక్ష్యానికి కలపండి. లోను తీరినా ఇల్లు ఖర్చు పెట్టిస్తూనే ఉంటుంది. మరమ్మతులకు ఏటా ఇంటి విలువలో 1 శాతం అని ఒక మోటు లెక్క ఉంది. పాత ఇంటికి అది చాలకపోవచ్చు. ఇంకోటి, మీరుంటున్న ఇంటి విలువను రిటైర్మెంట్ సొమ్ములో కలపకండి. అందులో మీరు ఉంటూ ఉండగా అది మీకు నెలనెలా డబ్బివ్వదు.

ఉద్యోగం మానేశాక ఇల్లు చూసుకుందాంలే అనుకునేవాళ్లకు ఒక హెచ్చరిక. బ్యాంకువాళ్లు లోనుకు, చాలాచోట్ల ఇంటి ఓనర్లు అద్దెకు, అడిగేది జీతం కాగితమే. బ్యాంకులో ఎంత నిల్వ ఉన్నా, జీతం లేదనగానే వాళ్ల ముఖం మారిపోతుంది. కాబట్టి రిటైరయ్యాక ఉండాలనుకున్న ఇంటి సంగతి ఉద్యోగంలో ఉండగానే తేల్చుకోండి. అప్పుడు మాత్రం ఆఫీసుకు దగ్గరా దూరమా అన్నదాని కన్నా ఆసుపత్రి ఎంత దూరం, మెట్లెన్ని, పగలంతా ఇంట్లోనే ఉంటే వెలుతురూ గాలీ ఎలా ఉంటాయన్నవే ముఖ్యం. ఆదివారం మధ్యాహ్నం ఒకసారి, పనిరోజు సాయంత్రం ఒకసారి వెళ్లి చూడండి.

మారడానికయ్యే పద్దు

ఇందులో అందరికీ గుర్తుండేవి బండి, కూలీలు, అడ్వాన్సు. మరిచిపోయేవి చెబుతాను.

రెండిళ్ల అద్దె కొన్నాళ్లు కలిసి పడుతుంది. ఒక్కరోజులో తాళాలు మార్చుకోవడం వినడానికి బాగుంటుంది కానీ జరగడం కష్టం. వారం, పది రోజుల అద్దె అదనంగా వేసుకోండి. పాత ఇంటి అడ్వాన్సు తిరిగొచ్చేలోపే కొత్తదానికి కట్టాలి, కాబట్టి ఆ డబ్బు కొంతకాలం రెండుచోట్లా ఇరుక్కుంటుంది. అది ఖర్చు కాదు, కానీ చేతిలో ఉండాలి. పాత ఇంటికి రంగులు, శుభ్రం చేయించడం, గోడలకు కొట్టిన మేకుల రంధ్రాలు పూడ్చడం ఉంటాయి. ఏసీ విప్పి మళ్లీ బిగించడానికి, గీజరుకు, గ్యాసు, ఇంటర్నెట్ మార్పించడానికి, తాళం మార్పించడానికి కూడా రాసుకోండి. ఇవన్నీ రాశాక మొత్తానికి ఇంకో 15, 20 శాతం కలపండి. వాడకపోతే నేరుగా మూడో పద్దుకు వెళ్తుంది.

సామాను తరలించేవాళ్ల దగ్గర ఫోన్లో ధర అడగడం వల్ల ప్రయోజనం లేదు. మనిషి వచ్చి సామాను చూసి, జాబితా రాసి, దాని మీద ధర వేయాలి. అంతస్తు, లిఫ్టు, బండి గేటుదాకా వస్తుందా లేదా అన్నవి ఆ కాగితం మీదే ఉండాలి, లేకపోతే దించే రోజున మాట మారుతుంది. ఇన్సూరెన్స్ ఇస్తామంటే, మీరు సొంతంగా కట్టిన పెట్టెలకు అది వర్తిస్తుందో లేదో అడగండి. చాలాసార్లు వర్తించదు. నెలాఖరు, శనాదివారాలు గిరాకీ ఎక్కువ, నెల మధ్యలో పనిరోజున అడిగితే ధర దిగే అవకాశం ఉంది.

ధర తగ్గించే అసలు దారి సామాను తగ్గించడం. గది గదీ తిరగండి. ఏడాదిగా ముట్టుకోని వస్తువు కనిపిస్తే, ‘ఇది లేకపోతే మళ్లీ కొంటానా?’ అని అడగండి. కొనననుకుంటే అమ్మేయండి, లేదా ఎవరికైనా ఇచ్చేయండి. మోసుకెళ్లే ప్రతి వస్తువుకూ బండిలో చోటుకు డబ్బు కడతారు, కొత్త ఇంట్లోనూ దానికి చోటు కావాలి. చివరికి గది సరిపోక పెద్ద ఇల్లు అద్దెకు తీసుకునేది ఈ వస్తువుల కోసమే. పెద్ద ఫర్నిచర్‌ను మాత్రం టేపుతో కొలిచి, కొత్త ఇంటి తలుపులనూ మెట్ల మలుపులనూ కొలిచాకే ఉంచాలా వద్దా తేల్చండి.

పుస్తకాలు చిన్న పెట్టెల్లో, తేలికైనవి పెద్ద పెట్టెల్లో సర్దండి. ఫ్రిజ్‌ను ముందురోజే ఖాళీ చేసి, ఆపి, మంచు కరగనివ్వాలి. కొత్త ఇంట్లో దించగానే ప్లగ్గు పెట్టకుండా కొన్ని గంటలు నిలువుగా ఉంచండి. టీవీ, ఇంటర్నెట్ వైర్లు పీకే ముందు వెనక వైపు ఫోటో తీస్తే మళ్లీ బిగించడానికి మనిషిని పిలవక్కర్లేదు. ఆభరణాలు, కాగితాలు, మందులు, చార్జర్లు మీ చేతి సంచీలో మీతోనే రావాలి. రెండిళ్లలోనూ కరెంటు మీటరు రీడింగు ఫోటో తీయండి, తేదీ పడేలా. ఎవరి బిల్లు ఎవరు కట్టాలన్న గొడవ అక్కడితో తీరిపోతుంది.

కొత్త ఇంట్లో మొదటి మూడు నెలలు

ఇక్కడే అన్నిటికన్నా జాగ్రత్తగా ఉండాలి. ఉదాహరణకు కర్టెన్లు తీసుకోండి. పాతవి తెచ్చి కట్టి చూస్తే జానెడు పొట్టిగా ఉన్నాయి. కింద నుంచి వీధి కనిపిస్తోంది. కొత్తవి కొందామని వెళ్తే, వాటికి తగ్గ రాడ్లు కావాలి, అవి బిగించడానికి మనిషి కావాలి. కర్టెన్లు మారాక సోఫా వెలిసిపోయినట్టు కనిపిస్తుంది. సోఫా మారిస్తే దానికి తగ్గ లైటు. ప్రతిదీ విడిగా చూస్తే న్యాయమైన ఖర్చే. అన్నీ కలిసేసరికి తడిసి మోపెడవుతుంది. అదే, కిటికీ అద్దం మీద అంటించే తెల్లకాగితంతో నెల గడిపితే, ఆ గదిలో ఎండ ఎటు పడుతుందో, అసలు ఎంత మందం గుడ్డ కావాలో తెలుస్తుంది. కొంతమందికి పాత కర్టెన్ల అంచు కుట్టు విప్పి పొడవు పెంచితే సరిపోతుంది.

కాబట్టి ఒక కాగితం గోడకు అంటించండి. ఏది కావాలనిపించినా తేదీ వేసి దాని మీద రాయండి, కొనకండి. తాళం, బల్బులు, గ్యాసు గొట్టం, భద్రతకు సంబంధించినవి ఏవైనా వెంటనే కొనండి. మిగతావి 30 రోజులు ఆగాలి. నెల తర్వాత ఆ కాగితం చదివితే కొన్నిటిని ఎందుకు రాశామో కూడా గుర్తుండదు, వాటిని కొట్టేయండి. ఇంట్లో పిల్లలున్నా, పెద్దలున్నా వాళ్లనూ అదే కాగితం మీద రాయమనండి. ఒకరు ఆపుకుంటూ ఇంకొకరు కొంటూ ఉంటే ఇంట్లో మాటామాటా పెరగడం తప్ప మిగిలేదేం లేదు.

సామాను ఇంకా పెట్టెల్లోనే ఉన్న ఆ రెండు మూడు వారాలు వంట సరిగా సాగదు. బయటి నుంచి తెప్పించుకోవడం తప్పదు. ఆ ఖర్చును మొదటి పద్దులో కాక రెండో పద్దులో రాయండి, దానికి ఆఖరి తేదీ కూడా పెట్టండి. ఆ తేదీ దాటాక రాస్తే మొదటి పద్దులోనే రాయాలి. లేకపోతే అది అలవాటై కూర్చుంటుంది. వంటింటి పెట్టెలు అన్నిటికన్నా ముందు విప్పమనేది అందుకే.

నెలనెలా పోయేవాటి మీద మాత్రం మరీ కఠినంగా ఉండండి. కొత్త ఇంటికి కొత్త ఇంటర్నెట్ ప్లాను, ఇంకో వినోదపు చందా, వాయిదాల మీద టీవీ అంటారు. నెలనెలా ఆగకుండా పోయే చందా చిన్నదే కదా అంటే, 300 రెట్లు గుర్తు చేసుకోండి. పాత చిరునామాలో ఏవైనా చందాలు ఇంకా పడుతున్నాయేమో కూడా చూడండి. చిరునామా మార్చాల్సిన చోట్ల జాబితా రాసుకుని, బ్యాంకు, ఇన్సూరెన్స్, మదుపు ఖాతాలు, పన్ను కార్యాలయం, వాహనం కాగితాలు, గుర్తింపు కార్డులు ఒక్కొక్కటే కొట్టేస్తూ పొండి. రిటైర్మెంట్ ఖాతాలు ముఖ్యం. వాటి ఉత్తరాలు పాత ఇంటికే పోతుంటే కొన్నేళ్ల తర్వాత గానీ తెలియదు.

నాలుగో నెలలో అసలు అంకె

మొదటి మూడు నెలల ఖర్చుతో రిటైర్మెంట్ లెక్క వేయకండి, పాత ఇంటి ఖర్చుతోనూ వేయకండి. నాలుగో నెల నుంచి ఆరో నెల వరకు మొదటి పద్దు సగటు తీసుకోండి. దానికి ఏడాదికోసారి వచ్చేవాటిని 12తో భాగించి కలపండి: ప్రీమియాలు, ఫీజులు, పన్ను, వాహనం సర్వీసు, ప్రయాణాలు, శుభకార్యాలకు ఇచ్చే కానుకలు. అయిదారేళ్లకోసారి మార్చాల్సిన ఫ్రిజ్, ఫోను, బండి లాంటివీ ఉంటాయి. దాని ధరను అది మన్నే నెలలతో భాగిస్తే నెలకెంతో వస్తుంది. ఇదంతా కలిపితే వచ్చేది మీ బతుకు నిజంగా అడుగుతున్న అంకె. చాలామందికి ఇది అనుకున్నదానికంటే ఎక్కువే వస్తుంది. కంగారుపడకండి, ఇప్పుడు తెలియడమే మంచిది.

ఇక 25 రెట్ల సంగతి. అమెరికాలో ఆర్థిక సలహాదారు విలియం బెంగెన్ 1994లో ఒక లెక్క కట్టారు. 1926 నుంచి అక్కడి షేర్లు, బాండ్ల రాబడులు తీసుకుని, మొదటి ఏడాది, కూడబెట్టిన మొత్తం సొమ్ములో 4 శాతం తీసి, తర్వాత ఏటా ద్రవ్యోల్బణం మేరకు పెంచుకుంటూ వాడుకుంటే కనీసం 30 ఏళ్లు సరిపోయిందని చూపించారు. 4 శాతం అంటే ఏడాది ఖర్చుకు 25 రెట్లు. 1998లో ట్రినిటీ విశ్వవిద్యాలయం ప్రొఫెసర్లు ముగ్గురు చేసిన అధ్యయనంతో ఈ లెక్కకు మరింత పేరొచ్చింది.

అయితే అది ఒక్క దేశపు చరిత్ర, అదీ 30 ఏళ్లకు. మీరు 45 ఏళ్లకే మానేస్తే ఆ సొమ్ము నలభై, యాభై ఏళ్లు రావాలి. అందుకే ముందే రిటైరయ్యేవాళ్లు 3.5 శాతమో 3 శాతమో పెట్టుకుంటే నయం అని నా అభిప్రాయం. అంటే దాదాపు 29 నుంచి 33 రెట్లు. ధరలు ఏటా 6 శాతం పెరిగితే 12 ఏళ్లకే రెట్టింపవుతాయి, 72ను ఆ శాతంతో భాగిస్తే ఎన్నేళ్లో తెలుస్తుంది. ఉద్యోగం మానేసిన తొలి ఏళ్లలోనే మార్కెట్ పడిపోతే, పడిన ధరకే అమ్ముకుని తినాల్సి వస్తుంది. అలా అమ్మినది మార్కెట్ లేచినా తిరిగి రాదు. దానికి విరుగుడు ఒకటి రెండేళ్ల ఖర్చును మార్కెట్‌తో సంబంధం లేనిచోట విడిగా ఉంచుకోవడం.

రాజీనామా ఇచ్చే ముందు

కనీసం ఆరు నెలలు, జీతం వస్తుండగానే, రిటైర్మెంట్ బడ్జెట్‌తో బతికి చూడండి. నెల మొదట్లో ఆ అంకె మాత్రమే మొదటి ఖాతాలోకి వేసి, మిగిలిన జీతమంతా మూడో ఖాతాకు పంపేయండి. నెల మధ్యలో తీసుకోవాల్సి వస్తే ఎందుకు తీసుకున్నారో రాయండి. మూడు నెలలు వరసగా ఒకే కారణం వస్తే అది అనుకోని ఖర్చు కాదు, బడ్జెట్లో చేర్చాల్సిన ఖర్చు.

పగలంతా ఇంట్లో ఉంటే కరెంటు పెరుగుతుంది, ఆఫీసు ప్రయాణం, బయటి భోజనం తగ్గుతాయి. సెలవులు పెట్టి రెండు వారాలు ఇంట్లోనే గడిపితే ఈ తేడా కొంత కళ్లకు కడుతుంది. భార్యాభర్తలిద్దరూ కలిసి గడపాలి ఆ రెండు వారాలూ. ఒకరు మానేసి ఒకరు కొనసాగించే ఉద్దేశం ఉంటే ఇంటిపని పంపకం కూడా అప్పుడే మాట్లాడుకోండి.

ఆరోగ్య బీమా ఆఫీసుదే అయితే, సొంతది తీసుకుని, ముందునుంచీ ఉన్న జబ్బులకు నిరీక్షణ కాలం (ఆ జబ్బులకు బీమా డబ్బు రాని తొలి కాలం) ఉంటే అది పూర్తయ్యాకే ఉద్యోగం వదలండి. పింఛను ఏదైనా ఒక వయసు దాటాకే మొదలయ్యేటట్లయితే, ఈలోగా ఎన్నేళ్లు సొంత సొమ్ముతో గడపాలో లెక్కపెట్టి, ఆ సొమ్ము వయసు నిబంధనల్లో ఇరుక్కోని ఖాతాలో ఉండేలా చూడండి. అప్పులు, కార్డుల బాకీలు, లోను మిగులు ఎంతో ఒక కాగితం మీద రాసి, రాజీనామా తేదీకి మూడు నెలల ముందు ఇంట్లో అందరూ కూర్చుని ఇంకోసారి చదవండి. బోనసో, మిగిలిన సెలవుల డబ్బో రావాల్సి ఉంటే ఏ తేదీన చేతికొస్తుందో ఆఫీసులో అడిగి, దాన్నిబట్టి ఆఖరి పనిదినం నిర్ణయించుకోండి.